డబ్బు సిద్ధంగా ఉంది, ఇల్లు కొనాలనే మనసే లేదు

ఈసారి ఉత్తరం రాసినావిడకి 36 ఏళ్లు. పెళ్లయి తొమ్మిదేళ్లయింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. పిల్లలు వద్దని ఇద్దరూ కలిసే అనుకున్నారు, ఆ గొడవ రెండు వైపులా ఎప్పుడో సద్దుమణిగిందట. ఇల్లు కొనాలని ఏడేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతూ వచ్చారు. ఈ ఏడాదికి డౌన్‌పేమెంట్‌కి సరిపడా పోగైంది. ఒక ఫ్లాట్ చూశారు, బ్యాంకు ఇరవై ఏళ్ల అప్పు ఇస్తానంది. నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టాలి. ఇక్కడికి వచ్చేసరికి ఆవిడకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మిగతాది ఆవిడ మాటల్లోనే:

"బ్యాంకువాళ్లు ఇచ్చిన కాగితంలో 240 వరుసలున్నాయి, నెలకో వరుస. చివరి వరుస దగ్గర నా వయసెంతో లెక్కేసుకుంటే 56 వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు మొక్కల బొమ్మలు వేయడం ఇష్టం. ఆకుల ఈనెలు, గింజలు, వేళ్లు, ఉన్నవి ఉన్నట్టు. మూడేళ్లుగా రాత్రి తొమ్మిది దాటాక పడకగది మూల బల్ల దగ్గర దీపం పెట్టుకుని వేస్తున్నాను. వృక్షశాస్త్ర పుస్తకాలకి ఇలాంటి బొమ్మలు వేసేవాళ్లుంటారు. అది నేర్పే ఏడాది కోర్సు ఒకటుంది. వారానికి నాలుగు రోజులే చేస్తానంటే ఆఫీసులో ఒప్పుకునేలా ఉన్నారు, జీతం ఐదో వంతు తగ్గుతుంది. దాచిన డబ్బులో కొంత దీనికి వాడుకోవాలని నా కోరిక. ఇల్లు కొంటే అది కుదరదు, వాయిదా కట్టడానికి ఇద్దరి పూర్తి జీతాలూ కావాలి.

మావారితో ఈ మాట ఇంతవరకు అనలేదు. ధరలు తగ్గుతాయేమో, ఇంకో ఏడాది ఆగుదాం అంటున్నాను. ఆయన రోజూ ధరల లెక్కలు తెచ్చి చూపిస్తున్నారు. కొత్తింట్లో మూడో గది నీ బొమ్మలకే అని కూడా అన్నారు. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా 'ఇంకా అద్దింట్లోనేనా' అంటారు. మా మరిదీ తోటికోడలూ మాకంటే చిన్నవాళ్లు, వాళ్లకి ఇల్లూ కారూ అన్నీ అయిపోయాయి. నాతో చదువుకున్నవాళ్లు తాళంచెవులు పట్టుకున్న ఫొటోలు పెడుతున్నారు. అందరూ కోరుకునేది నాకే ఎందుకు వద్దనిపిస్తోంది? నేను బాధ్యత లేని మనిషినా? ఈ వయసులో ఇలా ఆలోచించడం తప్పా?"

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. తప్పు కాదు. బాధ్యత లేనివాళ్లు ఏడేళ్లపాటు నెలనెలా డబ్బు దాచరు. చాలామంది ఆ అప్పు కాగితంలో వాయిదా ఎంతో మాత్రం చూసి సంతకం పెట్టేస్తారు. మీరు 240వ వరుస దాకా వెళ్లి, అక్కడ మీ వయసు వేసి చూసుకున్నారు. భయం వేసింది. అంత పెద్ద సంతకం పెట్టే ముందు భయం వేయడం మంచిదే.

"అందరూ కోరుకునేది" అన్నారు. అందరూ కొన్నారని మీకు తెలుసు. కోరుకుని కొన్నారో, ఇక ఆగితే బాగోదని కొన్నారో తాళంచెవుల ఫొటోలో కనపడదు. ఏ వయసుకి ఏది అయిపోవాలో చెప్పే పట్టిక ప్రతి సమాజంలోనూ ఒకటుంటుంది. బెర్నీస్ న్యూగార్టెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని సామాజిక గడియారం అన్నారు. ఆవిడా, తోటి పరిశోధకులూ అమెరికాలోని మధ్యతరగతి వాళ్లని పెళ్లికి సరైన వయసేది, ఉద్యోగంలో కుదురుకోవాల్సిన వయసేది అని అడిగి, 1965లో ఆ ఫలితాలు ప్రచురించారు. జవాబులు చాలావరకు ఒకేలా వచ్చాయి. రెండు దశాబ్దాలు గడిచాక అలాంటి ప్రశ్నలే మళ్లీ అడిగితే ఆ ఏకాభిప్రాయం బాగా సడలిపోయి ఉంది. ఒక్క తరంలోనే అంత మార్పు. మీ అత్తగారు చూస్తున్నది ఆవిడ తరం గడియారం. ఆవిడ చూసిన లోకంలో సొంతిల్లు లేనివాళ్లు చివరి రోజుల్లో నిజంగానే ఇబ్బంది పడి ఉండొచ్చు. అందుకని ఆవిడ మాటని వెక్కిరింపుగా తీసుకోకండి. అలాగని అది మీ ఇంటికి చట్టమూ కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇల్లు కొనేవాళ్లంతా ఆలోచన లేకుండా మంద వెంట పోతున్నారన్నట్టు మాట్లాడటం ఈమధ్య ఎక్కువైంది. నాకు ఆ ధోరణి నచ్చదు. సొంత గోడకి మేకు కొట్టుకోగలగడం, ఖాళీ చేయమని ఎవరూ అనకపోవడం కొందరికి నిజమైన సుఖం. మీవారు ఆ కొందరిలో ఒకరేమో. ఆ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన లెక్కలు రాశారు, ఆయన ఏమంటున్నారో రాశారు. ఆయనకి ఇల్లు ఎందుకు కావాలో రాయలేదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది ఇదే. మీరు అసలు కారణం చెప్పకుండా ధరల మాట చెబుతున్నారు. పాపం, ఆయన ఆ మాట నమ్మి దానికి జవాబు వెతుకుతున్నారు. రోజూ లెక్కలు తేవడం మిమ్మల్ని ఒత్తిడి చేయడానికని మీకు అనిపిస్తోందేమో. కానీ మీరు అడిగిన ప్రశ్నకే ఆయన జవాబు తెస్తున్నారు. రేపు నిజంగానే ధర తగ్గితే మీ దగ్గర ఏ మాట మిగులుతుంది? ఇక ఆ మూడో గది. మీరు దాన్ని ఎరలాగా చూశారేమో. నాకు వేరేలా అనిపించింది. రాత్రిళ్లు మీరు మూల బల్ల దగ్గర వంగి కూర్చోవడం ఆయన గమనించారు, మీకు చోటు చాలడం లేదనుకున్నారు. మీకు చాలనిది చోటు కాదనీ సమయమనీ ఆయనకి తెలియదు, ఎందుకంటే మీరు చెప్పలేదు. పూర్తి జీతాలు రెండూ వాయిదాకే కావాల్సి వస్తే ఆ గదిలోనూ మీరు రాత్రి తొమ్మిది దాటాకే కూర్చుంటారు. ఈ ఒక్క వాక్యం ఆయనకి చెప్పి చూడండి.

ఇక ఇంటి సంగతి. ఇల్లు అనగానే ఒక వస్తువులా మాట్లాడుకుంటాం గానీ అందులో నాలుగు వేర్వేరు అవసరాలు కలిసి ఉంటాయి. తలదాచుకునే చోటు మన ఇష్టం లేకుండా పోకూడదన్నది ఒకటి. జీతం ఆగిపోయిన వయసులో నెలనెలా అద్దె భారం ఉండకూడదన్నది రెండోది. చేతికొచ్చిన డబ్బు ఖర్చైపోకుండా బలవంతంగానైనా దాచబడాలన్నది మూడోది. నాలుగోది నలుగురిలో స్థిరపడ్డవాళ్లం అనిపించుకోవడం. నాలుగోదాన్ని కాసేపు పక్కన పెట్టండి. మొదటి మూడూ గట్టి అవసరాలు. ఇల్లు వద్దన్నంత మాత్రాన అవి మాయమైపోవు. ఇల్లు కొనేవాళ్లకి అవి మూడూ ఒక్క సంతకంతో, ఖరీదుగానే కావచ్చు, సమకూరతాయి. కొననివాళ్లు వాటిని విడివిడిగా, శ్రద్ధగా, ఏళ్ల తరబడి సమకూర్చుకోవాలి. ఆ పని చేస్తే మీ దారి మీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. చేయకుండా వాయిదాల బాధ తప్పిందని ఊపిరి పీల్చుకుంటే మాత్రం అత్తగారి భయమే ఇరవై ఏళ్లకి నిజమవుతుంది. మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీని వివరమే.

లెక్కలు కొంచెం చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో రెండు పక్షాలూ సగం సగం లెక్కలే వాడుతున్నాయి. మీ అప్పు వడ్డీ ఎంతో రాయలేదు. ఉదాహరణకి ఏడాదికి 8.5 శాతం, ఇరవై ఏళ్లు అనుకోండి. 100 అప్పు తీసుకుంటే అన్నీ కలిపి సుమారు 208 కడతారు. మొదటి నెల వాయిదాలో 80 శాతం పైగా వడ్డీకే పోతుంది. అసలులో సగం తీరేసరికి పద్నాలుగో ఏడు ముగింపుకొస్తుంది. కాబట్టి "అద్దె కడితే వృథా, వాయిదా కడితే మనదే" అన్నది మొదటి పదేళ్లకి సగం నిజమే. వడ్డీ, మరమ్మతులు, పన్నులు, డౌన్‌పేమెంట్ ఇంకోచోట సంపాదించగలిగిన రాబడి, ఇవన్నీ కూడా తిరిగిరాని ఖర్చులే. అద్దెని పోల్చాల్సింది వీటి మొత్తంతో. ఏడాది అద్దె ఇంటి ధరలో 3 శాతం దగ్గరుంటే అద్దె వైపు మొగ్గు ఎక్కువ. 6 శాతం దగ్గరికొస్తే కొనడమే నయం కావచ్చు. మీరు చూసిన ఫ్లాట్‌కి ఈ లెక్క మీరే వేయండి, పది నిమిషాల పని.

అయితే ఇది మీ పక్షాన ఉన్న లెక్క. ఆయన పక్షానా ఉంది. వాయిదా చాలావరకు అలాగే ఉంటుంది, వడ్డీ రేటు మారే అప్పయితే కొంత అటూ ఇటూ అవుతుంది. అద్దె అలా ఆగదు. ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే పద్నాలుగేళ్లకి రెట్టింపవుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత వాయిదా ఆగిపోతుంది, అద్దె ఎప్పటికీ ఆగదు. పైగా వాయిదాకీ అద్దెకీ మధ్య తేడాని క్రమం తప్పకుండా పెట్టుబడి పెడతామని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నిజంగా పెట్టేవాళ్లు తక్కువ. అద్దె నయమన్న వాదన మొత్తం ఆ తేడా పెట్టుబడి అయితేనే నిలబడుతుంది.

ఇప్పుడు మీ కోరిక దగ్గరికి. దీన్ని కూడా ఇల్లు అంత కఠినంగానే ప్రశ్నించాలి. మీకు బొమ్మలు కావాలా, ఆఫీసు వద్దా? రెండూ ఒకేలా అనిపిస్తాయి గానీ మందు వేరు. ఆఫీసు వద్దనుకునేవాళ్లు శుక్రవారం ఇంట్లో ఉండి నిద్రపోతారు, కొన్నాళ్లకి ఆ ఖాళీ రోజే బరువవుతుంది. అలాంటప్పుడు ఉద్యోగం మారడమే దారి. మీ విషయంలో అలా కాదనే అనిపిస్తోంది. ఎవరూ అడక్కుండా, ఎవరూ మెచ్చుకోకుండా, అలసిపోయిన రాత్రుల్లో మూడేళ్లు చేశారు. ఆ కోరిక నిజమైనదే. ఖాళీ సమయం కోసం డబ్బు పెట్టడమూ వింత కాదు. 2017లో యాష్లీ విలన్స్, ఎలిజబెత్ డన్, ఇంకొందరు పరిశోధకులు కలిసి అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో 6,000 మందికి పైగా జనాన్ని పరిశీలించారు. ఇష్టంలేని పనులు ఇతరులకి అప్పగించి సమయం మిగుల్చుకోవడానికి డబ్బు పెట్టేవాళ్లు జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు అందులో కనిపించింది. మీరు చేయబోయేది సరిగ్గా అదే కాదు గానీ దాని చుట్టమే.

కానీ ఒక హెచ్చరిక. 2013లో జోర్డీ క్వాయిడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 18 నుంచి 68 ఏళ్ల వయసున్న 19,000 మందికి పైగా ఇందులో పాల్గొన్నారు. గడిచిన పదేళ్లలో మీరెంత మారారంటే చాలా మారామన్నారు. రాబోయే పదేళ్లలో ఎంత మారతారంటే పెద్దగా మారమన్నారు. అన్ని వయసులవాళ్లదీ ఇదే వరస. ఇష్టాలు ఇక్కడితో స్థిరపడిపోయాయని ప్రతి వయసులోనూ అనిపిస్తుందన్నమాట. ఇది 240 వరుసల మీద సంతకం పెట్టేవాళ్లకి ఎంత వర్తిస్తుందో మీకూ అంతే. 46వ ఏట మీకు ఇల్లు కావాలనిపించవచ్చు. అప్పుడు కొనుక్కోగల స్థితి మిగిలి ఉండాలి. అందువల్ల ఏ దారి పట్టినా వెనక్కి రాగలిగేలా చూసుకోండి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి.

అనుకున్నట్టే ఈ ఫ్లాట్ కొనేయవచ్చు. ఇంట్లో ప్రశాంతత, చుట్టాల నోళ్లకి మూత, ముసలితనానికి ఒక గూడు. దీనికి మీరిచ్చే మూల్యం, కనీసం మొదటి ఏడెనిమిదేళ్లు మీలో ఎవరూ ఉద్యోగం వదలలేరు, తగ్గించుకోలేరు. జబ్బు చేసినా, ఆఫీసులో మనుషుల్ని తీసేసినా టెన్షన్ రెట్టింపు. అప్పు కట్టడంలో మునిగి చేతిలో ఆరు నెలల ఖర్చు కూడా లేకుండా పోయేటట్టయితే, బొమ్మల సంగతి అటుంచండి, ఇల్లు ఇష్టమైనవాళ్లకి కూడా ఈ ఫ్లాట్ వద్దనే చెబుతాను. ఇంకోటి, మనసులో మాట చెప్పకుండా సంతకం పెడితే ఆ 240 వాయిదాలూ ఆయన కోసం కడుతున్నట్టు మీకు అనిపిస్తుంది. ఆయనకేమో ఆ సంగతే తెలియదు. దాంపత్యంలో ఇలాంటి గుట్టు అప్పు కన్నా బరువు.

రెండో దారి, చిన్న ఇల్లు. ఒక జీతం, రెండో జీతంలో కొంత భాగం సరిపోయేంత వాయిదా ఉన్న ఇల్లు. మూడు గదులకి బదులు రెండు, లేదా ఇంకొంచెం దూరం, లేదా పాతది. ఇందులో ఎవరికీ పూర్తిగా కావలసింది దొరకదు. మీకు పెద్ద బల్లకి చోటు ఉండకపోవచ్చు, ఆయనకి తమ్ముడి ఇంటితో పోలిక కుదరకపోవచ్చు. కానీ నాలుగు రోజుల పని సాధ్యమవుతుంది. వీలైతే ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టండి. పైన చెప్పిన 8.5 శాతం ఇరవై ఏళ్ల అప్పే అయితే దాదాపు మూడున్నరేళ్లు ముందే తీరిపోతుంది. దూరం ఇల్లు ఎంచుకునే ముందు మాత్రం ప్రయాణానికి పోయే గంటలు లెక్కేయండి. సమయం కోసం ఇంత ఆలోచిస్తున్నవాళ్లు రోజుకి రెండు గంటలు దారిలో పారబోసుకుంటే ఏం లాభం?

మూడోది, అద్దింట్లోనే ఉండిపోవడం. ఉత్తరం చదివితే మీ మనసు ఇటే ఉందనిపిస్తోంది, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను. ముందు దాచిన డబ్బు మొత్తాన్ని కోర్సుకి విడిచిపెట్టకండి. అది ఇద్దరి కష్టం. అందులోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా వేరే ఖాతాలో పెట్టండి. ఆరోగ్య బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటే సొంతంగా ఒకటి తీసుకోండి. కోర్సు ఫీజు, ఏడాదిపాటు తగ్గే జీతం కలిపి ఎంతవుతుందో రాసి, అంతకు మించి ముట్టకూడదని ఇద్దరూ అనుకోండి. మిగిలింది దీర్ఘకాలం పెట్టుబడి.

ఇక జీతం ఆగిన తర్వాత అద్దె సంగతి. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా మార్కెట్ల పాత లెక్కలు తీసి ఒక విషయం చూపించారు. షేర్లూ బాండ్లూ కలిసిన పొదుపు నుంచి మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆపైన ధరలు పెరిగిన మేరకు ఏటా పెంచుకుంటూ పోతే ఆ పొదుపు కనీసం 30 ఏళ్లు నిలిచింది. 4 శాతం అంటే ఇరవై ఐదో వంతు, కాబట్టి రిటైరయ్యే నాటి ఏడాది అద్దెకి 25 రెట్లు అద్దె కోసమే విడిగా ఉండాలి. అది ఒక దేశపు లెక్క కాబట్టి జాగ్రత్త కోసం 30 రెట్లు పెట్టుకోండి. పెద్ద అంకెలా కనిపిస్తుంది, నిజంగా పెద్దదే. మీ ముందు ఇంకా ఇరవై ఏళ్ల పైచిలుకు సంపాదన ఉంది, అది అందుకోలేనిది కాదు. జీతం పడిన రోజే ఆ భాగం దానంతట అదే వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకుంటేనే అవుతుంది. నెలాఖరున మిగిలింది దాచుకుందాం అనుకుంటే అవ్వదు. ఈ క్రమశిక్షణ మీ ఇద్దరికీ ఉందా అంటే, ఏడేళ్లు చేసి చూపించారు కదా. ఈ దారిలో పోయేది నలుగురి మెప్పు, ఇంటి యజమాని ఖాళీ చేయమంటే సామాన్లు సర్దుకోవాల్సిన చికాకు. ఈ రెండోది నలభైల్లో ఫరవాలేదు, డెబ్బైల్లో బాధిస్తుంది. కనుక ఆ వయసుకి చిన్న ఇల్లయినా కొనుక్కునే వీలు తెరిచి ఉంచుకోవడం మంచిది.

నాలుగోది, ఏ నిర్ణయం తీసుకోకుండా ఏడాది పరీక్ష. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే అని దాచుకోను. మొదటి ఆరు నెలలు ఇల్లు కొనేసినట్టే బతకండి. వాయిదా ఎంతో అందులోంచి ఇప్పటి అద్దె తీసేసి, మిగతాది ప్రతి నెలా ఒకటో తారీఖున వేరే ఖాతాకి పంపండి. చేతిలో మిగిలే డబ్బుతో ఇల్లు ఎలా నడుస్తుందో, ఎవరు దేనికి చిరాకు పడతారో ఇద్దరికీ తెలుస్తుంది. తర్వాతి ఆరు నెలలు మీరు నాలుగు రోజుల పని చేయండి. ఆ ఐదో రోజు బల్ల దగ్గర ఎన్ని గంటలు కూర్చున్నారో రాసిపెట్టుకోండి. ఏడాది అయ్యాక ఊహల మీద కాకుండా చూసినదాని మీద మాట్లాడుకుంటారు. దీనివల్ల నష్టం, ఈ ఫ్లాట్ చేజారుతుంది. ధరలు పెరిగితే కొంత ఎక్కువ పెట్టాల్సి రావచ్చు, ఆయన భయం అదే, అది నిరాధారం కాదు. మొదటి ఆరు నెలలు పక్కన పెట్టిన డబ్బు ఆ నష్టాన్ని కొంతైనా పూడుస్తుంది.

నాలుగు రోజుల పని గురించి ఆఫీసులో మాట్లాడేటప్పుడు కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడగండి. పని కూడా ఐదో వంతు తగ్గుతుందా, లేక ఐదు రోజుల పని నాలుగు రోజుల్లో చేసి తక్కువ జీతం తీసుకోవాలా? రెండోది చాలాచోట్ల జరుగుతుంది, అదే జరిగితే మీరు డబ్బూ పోగొట్టుకుని అలసటా మిగుల్చుకుంటారు. బీమా, పదవీ విరమణ నిధికి వాళ్లు కట్టే వాటా ఎంత తగ్గుతుంది? తిరిగి ఐదు రోజులకి రావాలంటే హక్కుగా రావచ్చా, వాళ్ల దయ మీదా? ప్రమోషన్ సంగతి వాళ్లు నిజం చెప్పకపోవచ్చు. అలా తగ్గించుకున్నవాళ్లు ఆఫీసులో ఎవరైనా ఉంటే వాళ్లనే అడగండి.

అత్తగారి విషయం ఆఖరున చెప్తున్నాను, ఎందుకంటే ఆవిడకి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. మీ ఇద్దరి మాట ఒకటయ్యాక ఆయనే "అమ్మా, మేం ఇలా అనుకున్నాం, ముసలితనానికి ఈ ఏర్పాటు చేసుకున్నాం" అని చెబితే ఆవిడ సగం స్థిమితపడతారు. ఏర్పాటు ఏమిటో చెప్పకుండా మా ఇష్టం అంటే మాత్రం ప్రతి ఫోన్‌లోనూ అదే ప్రశ్న వస్తుంది. మరిదీ తోటికోడలి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల ఇల్లు బాగుంటే బాగుందని మనసారా అనండి. వాళ్లు ఇల్లు కొనడం మీకు ఓటమి కాదు, మీరు కొనకపోవడం వాళ్లకి విమర్శ కాదు.

ఇక ముందు చేయాల్సింది నెలాఖరు లోపు ఆయనతో మాట్లాడటం. ఫోన్లు పక్కన పెట్టి, లెక్కల కాగితాలు లేకుండా. ధరల గురించి మీరు చెప్పింది అసలు కారణం కాదని ముందు మీరే ఒప్పుకోండి. ఆయనకి కోపం రావచ్చు, ఇన్నాళ్లూ నన్ను పిచ్చివాణ్ని చేశావా అనవచ్చు. ఆ మాట పడండి, దానికి వాదించకండి. మీ బొమ్మల పుస్తకాలు తెచ్చి ఆయన ముందు పెట్టండి. ఇన్ని ఉన్నాయని బహుశా ఆయనకి తెలియదు. ఆ తర్వాత మీ పక్షం ఆపేసి ఆయన్ని ఒక్కటే అడగండి, ఇల్లు ఉంటే నీకు ఏ భయం తగ్గుతుంది అని. చిన్నప్పుడు ఇళ్లు మారుతూ పెరిగారా, తమ్ముడి ముందు చిన్నబోతున్నారా, మీకేమైనా అయితే ఎలా అని ఆలోచిస్తున్నారా, నాకు తెలియదు. జవాబుని బట్టి దారి మారుతుంది. తమ్ముడితో పోలిక అయితే కాలం తగ్గిస్తుంది. చిన్నప్పటి భయమైతే అద్దిల్లు ఎన్ని లెక్కలు చెప్పినా దాన్ని తీర్చదు, అప్పుడు రెండో దారి, చిన్న ఇంటి దారి, మీ ఇద్దరికీ మేలు.

బిల్డర్‌ని గడువు పెంచమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ ఫ్లాట్ పోనివ్వండి. అడ్వాన్స్ తారీఖుని చూసి ఇరవై ఏళ్ల సంగతి తేల్చుకోవద్దు. మాట్లాడుకున్నాక కూడా ముడి పడిపోయి ఉంటే మళ్లీ రాయండి. ఈసారి ఆయన వైపు సంగతులు మీరు రాయకుండా ఆయన చేతే రాయించండి.